ఆగిన చదువు అక్కడే ఆగిపోనక్కర్లేదు!

"ఇంకా నాకేం చదువులెండి! పిల్లలు చదువుకుంటున్నారు, చాలు."

ఈ మాట మనలో ఎంతమంది అనలేదు చెప్పండి? టెన్త్‌తోనో ఇంటర్‌తోనో చదువు ఆగిపోతుంది. పెళ్ళి, పిల్లలు, అత్తామామల సేవ. ఆ సర్టిఫికెట్లు ట్రంకుపెట్టె అడుగున పట్టుచీరల కింద భద్రంగా నిద్రపోతుంటాయి. ఎప్పుడో ఒకరోజు ఇంటి పరిస్థితి తలకిందులవుతుంది. ఇంటాయన ఉద్యోగం పోతుంది, లేదా మనిషే లేకుండా పోతాడు. అప్పుడు ఆ పెట్టె తెరిచి, కాగితాలు చేత్తో పట్టుకుని కూర్చుంటాం. 'వీటితో ఎవరిస్తారు ఉద్యోగం?' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం.

సరిగ్గా అలాంటి స్థితి నుంచే లేచి నిలబడిన ఒక తెలుగు ఆడపడుచు గురించి ఈ వారం చెప్పుకుందాం. ఆమె అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు.

పద్దెనిమిదేళ్ళకే...

లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. అన్నదమ్ములకు ఇంజనీరింగ్ చదువులు, ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు. ఆ రోజుల ఆచారమే అది. లలితకు పదిహేనేళ్ళకే పెళ్ళయింది. పదో తరగతి దాకా చదివారు. 1937లో పాప పుట్టింది. ఆ పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త కన్నుమూశారు. అప్పటికి లలిత వయసు పద్దెనిమిదేళ్ళు!

ఆ కాలంలో వితంతువు బతుకంటే మీకు తెలియనిది కాదు. తల తీయించి, తెల్లచీర కట్టించి, ఒక మూల కూర్చోబెట్టేవారు. లలిత మాత్రం పుట్టింటికి వచ్చి పుస్తకం పట్టుకున్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో చేరి ఇంటర్మీడియెట్ ఫస్టు క్లాసులో పాసయ్యారు.

ఆమె వేసుకున్న లెక్క

తర్వాత ఏం చదవాలి? ఆ రోజుల్లో పై చదువు చదివే ఆడపిల్లలు డాక్టరీ వైపు చూసేవారు. లలితా ఆలోచించారు. కానీ డాక్టరంటే అర్ధరాత్రి అపరాత్రి అనకుండా పిలుపొస్తే వెళ్ళాలి. పసిపిల్లను ఎవరి దగ్గర వదిలి వెళ్ళటం? పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం కావాలి. అందుకే ఇంజనీరింగ్ అనుకున్నారు.

ఇక్కడే మనం కాస్త ఆగాలి. 'ఏ చదువుకి గొప్ప పేరుంది?' అని ఆమె చూడలేదు. 'ఏ ఉద్యోగంతో నా బిడ్డని నేను పెంచుకోగలను?' అని చూశారు. ముందు బతుకు లెక్క వేసుకుని, దానికి సరిపోయే చదువు ఎంచుకున్నారు.

అయితే గిండీ కాలేజీలో అప్పటిదాకా ఒక్క ఆడపిల్లా లేదు. తండ్రి వెళ్ళి ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. పై అధికారులూ ఒప్పుకున్నారు. 1940లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో సీటు దొరికింది. పాపను బంధువుల ఇంట ఉంచి తాను హాస్టల్లో ఉండి చదివారు. తర్వాత సివిల్ ఇంజనీరింగులో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా చేరటంతో ఆమెకు తోడు దొరికింది. ఈ త్రేసియా గారే తర్వాత కేరళ ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరు అయ్యారు.

చదువు ముగించుకున్నాక ఇంకో తమాషా. పట్టా కాగితం మీద 'అతడు' అని ముందే అచ్చువేసి ఉందిట. దాన్ని కొట్టేసి 'ఆమె' అని దిద్దాల్సి వచ్చింది!

పట్టాతోనే పనైపోలేదు

ముందు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ. తర్వాత సిమ్లాలో ప్రభుత్వ ఉద్యోగం. అక్కడా పుస్తకం మూయలేదు. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థవారి పరీక్షకు కూర్చుని పాసయ్యారు. కొంతకాలం తండ్రి పరిశోధనల్లో సాయపడ్డారు. ఆ పని ఇష్టమే గాని దానితో ఇల్లు గడవదు కదా! 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే కంపెనీలో చేరారు. కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు ఆమె పని. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లోనూ ఆమె చెయ్యి ఉంది. కలకత్తాలో సోదరుడి కుటుంబం ఉండటం వల్ల పాపకు ఇల్లూ, లలితకు నిశ్చింతా దొరికాయి.

1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్ళొచ్చారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కూతుర్ని చదివించారు. 1979లో కన్నుమూశారు.

'ఆవిడకి ప్రొఫెసరు తండ్రి ఉన్నాడు, మనకెవరున్నారు?' అంటారేమో. నిజమే, తండ్రి అండ లేకపోతే ఆ తలుపు తెరుచుకునేది కాదు. కానీ తలుపు అవతల కష్టపడి చదివిందీ, పరీక్షలు రాసిందీ ఆమే కదా! పైగా ఆనాడు సిఫారసు మీద తెరుచుకున్న తలుపులు ఇవాళ దరఖాస్తు పెడితే తెరుచుకుంటున్నాయి.

మరి మనకి దారేది?

* టెన్త్ దగ్గర ఆగిపోయారా? తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఓపెన్ స్కూళ్ళున్నాయి. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. కోడలొచ్చిన అత్తగారైనా పరీక్ష రాయొచ్చు! టెన్త్ అయ్యాక ఇంటర్ కూడా అలాగే చదువుకోవచ్చు.

* డిగ్రీ కావాలా? దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985 నుంచి దేశమంతటికీ ఇగ్నో ఉంది.

* చేతిపని మీద మనసుందా? ఐటిఐల్లో కుట్టుపని నుంచి ఎలక్ట్రీషియన్ పని దాకా నేర్పుతారు. కొన్ని కోర్సులకు ఎనిమిదో తరగతి ఉన్నా చాలు.

* ఒక్క జాగ్రత్త! ఇంజనీరింగ్, నర్సింగ్, లా చదువులకు దూరవిద్య పనికిరాదు. 'ఇంట్లో కూర్చునే నర్సింగ్ చేసెయ్యండి' అని ఎవరైనా ఫీజు అడిగితే నమ్మి కట్టెయ్యకండి. ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు 'దీనికి గుర్తింపు ఉందా? ఈ సర్టిఫికెట్టుతో ఎక్కడ ఉద్యోగాలిస్తున్నారు?' అని రెండు మూడు చోట్ల విచారించండి.

చేరేముందు ఒక కాగితం తీసుకుని లలిత గారిలాగే లెక్క వేసుకోండి. రోజుకి ఎన్ని గంటలు మీ చేతిలో ఉన్నాయి? పిల్లల్ని ఎవరు చూస్తారు? చదువు పూర్తయ్యాక మీ ఊళ్ళో, మీ ఇంటికి దగ్గర్లో ఆ పని దొరుకుతుందా? జీతమెంత? బస్సు ఛార్జీలు పోగా మిగిలేదెంత? నెలసరుకుల చిట్టా రాసినంత శ్రద్ధగా ఇదీ రాయండి. అప్పుడు ఏ చదువు మీకు పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

ఇంకో మాట. సాయం అడగటానికి మొహమాటపడకండి. లలిత గారికి తండ్రి ఉన్నారు, సోదరుడి కుటుంబం ఉంది. మీకూ ఒక చెల్లెలో, ఆడపడుచో, పక్కింటి పిన్నిగారో ఉండకపోరు. 'పరీక్షలయ్యేదాకా పిల్లల్ని సాయంత్రంపూట చూడండి' అంటే కాదంటారా? ఇక మీ ఇంట్లోనే అలా చదువుకోవాలనుకునే కోడలుంటే, ఆ రెండు గంటలూ వంటగది బాధ్యత మీరు తీసుకోండి. అంతకన్నా పెద్ద కానుక ఆమెకు మరొకటుండదు.

కష్టం వచ్చాకే చదువు గుర్తు రానక్కర్లేదు. ఇల్లు చల్లగా ఉన్నప్పుడే మొదలుపెడితే మరీ మంచిది. ఈ ఆదివారం మధ్యాహ్నం, గిన్నెలు సర్దుకున్నాక, ఆ ట్రంకుపెట్టె ఒకసారి తెరవండి. చీరల కింద ఉన్న సర్టిఫికెట్లు పైకి తియ్యండి. మీ చదువు ఎక్కడ ఆగిందో చూసుకోండి. మళ్ళీ మొదలుపెట్టాల్సింది సరిగ్గా అక్కడి నుంచే!