వాడిన నీరు – వాడని ఆకు

సంతనాడు మన గ్రామములలో ఒక వింత కనిపించును. ఎకరముల కొలది వరి, ప్రత్తి, వేరుసెనగ పండించు రైతు ఇంటి ఇల్లాలు కొత్తిమీర కట్టకొరకు కొంగుముడి విప్పుచుండును. చలికాలమున ఈ ఖర్చు లెక్కకు రాదు. ఎండలు ముదిరి, కట్ట చిన్నదై, ధర పెద్దదైనప్పుడు మాత్రము చాల ఇండ్లలో పప్పు, చారు ఆకు లేకుండనే పొయ్యిమీదినుండి దిగును. పెరటిలో కొద్దిపాటి చోటు, దినమునకు ఒక బిందెడు వాడిన నీరు ఉన్న ఇంటికి ఈ కొరత రానక్కరలేదు.

2016లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి వేరుపడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో నీటి విలువ తెలియనివారు లేరు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో సయితము నదికి దూరమైన ఊళ్ళున్నవి. కావున త్రాగు నీటిని మొక్కలకు పోయుమని మేము చెప్పబోము. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు చాలును. సబ్బు, సోడా, ఉప్పు కలిసిన నీటిని మాత్రము లేత మొక్కలకు పోయరాదు. దానివలన నేల చెడును.

మన్ను సిద్ధపరచుట

నల్లరేగడి నీటిని పట్టియుంచును. వేళ్ళకు గాలి ఆడక మొక్క కుళ్ళును. దానిలో ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. ఎర్ర చెలక నేల నీటిని త్వరగా విడిచివేయును. దానికి ఎరువు పాలు హెచ్చుగా ఉండవలెను. పచ్చి పేడ వేయరాదు. పెరడు లేనివారు పగిలిన కుండను, పాత డబ్బాను వాడవచ్చును. అడుగున చిల్లులుండుట, లోతు జానెడుండుట ముఖ్యము.

ఏ కాలమున ఏ ఆకు

కొత్తిమీర: ధనియము ఒక్క గింజవలె కనబడినను అందులో రెండు గింజలుండును. వంటకు కొన్న క్రొత్త ధనియాలనే మెల్లగా నలిపి బద్దలు చేసి, ఒక రాత్రి నానవేసి, అరంగుళము లోతున విత్తవలెను. ఎనిమిది మొదలు పండ్రెండు దినములలో మొలచును. సుమారు 40 దినములకు కోతకు వచ్చును. వానలు తగ్గిననాటినుండి మాఘమాసము వరకు పదునైదు దినములకొకమారు కొద్దికొద్దిగా విత్తినచో ఆకు తెగకుండ దొరకును. ఎండలు ముదిరినచో మొక్క ఆకు పెంచక పూతకు వచ్చును. అది విత్తనపు లోపము కాదు, మొక్క స్వభావము. రోహిణి కార్తెలో కొత్తిమీరతో పెనుగులాడుట వృథా.

మెంతికూర: ఇదియు చలికాలపు పంటయే. రాత్రి నానవేసి చల్లినచో నాలుగైదు దినములలో మొలచి, నెల తిరుగకముందే కోతకు వచ్చును.

పుదీన: దీనికి విత్తనముతో పనిలేదు. కట్టలోని ముదురు కాడలను ఆకు వలిచి, కణుపు మన్నులో మునుగునట్లు నాటవలెను. చుట్టునున్న మొక్కలను క్రమ్మివేయును గనుక వేరు కుండలో పెంచుట మేలు. వేసవిలో చెట్టు నీడనో, ఈతచాప నీడనో ఉంచి, తడి ఆరకుండ చూడవలెను.

కరివేపాకు: మన ప్రాంతమున కల్యమాకు అని పిలుచు ఈ చెట్టు కుండలో కంటె నేలలో బాగుగా పెరుగును. పండిన కాయల గుజ్జు తీసి, గింజలను కొలది దినములలోనే నాటవలెను. ఎండి నిలువయున్న గింజ సాధారణముగ మొలవదు. పొరుగువారి చెట్టు వేరునుండి వచ్చిన పిలకయు పనికివచ్చును. మొదటి సంవత్సరము ఆకు దూయరాదు. ఆకులను తిను గొంగళిపురుగులను చేతితో ఏరివేయవచ్చును. పురుగు హెచ్చినచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని రాత్రి నానవేసి, వడగట్టి, సాయంకాలమున చల్లవలెను.

ఈ విధముగ చలికాలమును కొత్తిమీర, మెంతి గడుపగా, వేసవిని పుదీన, కరివేపాకు గట్టెక్కించును.

ఆరోగ్యము

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. పిడికెడు ఆకు దీనికి మందు కాదు; వైద్యులిచ్చిన ఇనుము మాత్రలు మానరాదు. అయినను తాలింపునకు నాలుగు రెబ్బలు వేసి, తినునప్పుడు ఏరి పారవేయుటకంటె, ఆకును పచ్చడిగను పొడిగను చేసి, నిమ్మరసముతో తినుట మేలు. ఆకులోని ఇనుము వంటబట్టుటకు నిమ్మరసము తోడ్పడును.

పనులకై ఊరు విడిచి పోవు కుటుంబములు ఈ జిల్లాలలో నేటికిని కలవు. అట్టివారి పెరటిలో కొత్తిమీర నిలువదు. వేరూనిన కరివేపచెట్టు మాత్రము ఇంట మిగిలిన అవ్వ పోయు చెంబెడు నీటితో వారి రాకకు ఎదురుచూచును.

ఈ సంతలో తెచ్చిన పుదీన కాడలను పారవేయకుడు. నాలుగు కాడలు నాటి, సాయంకాలము బియ్యము కడిగిన నీరు పోయుడు. వచ్చు సంవత్సరము ఆ కట్టకు ధర అడుగనక్కరలేదు.