ఊరికి దూరమూ కాదు, దగ్గరా కాదు

బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఒకే చోట ఉండాలి. వర్షావాసం అనే ఈ నియమం ఆషాఢ పౌర్ణమి మర్నాటి నుంచి అమల్లోకి వస్తుంది. ఇది ఎలా వచ్చిందో వినయపిటకం చెబుతుంది. వానల్లోనూ ఊరూరా తిరిగే భిక్షువులు పచ్చటి మొలకలు తొక్కేస్తున్నారని, నేల మీద పాకే ప్రాణులు వాళ్ల కాళ్ల కింద పడి చస్తున్నాయని, పక్షులు సైతం ఈ రోజుల్లో గూడు కట్టుకుని కుదురుగా ఉంటాయని జనం విసుక్కున్నారట. ఆ మాట చెవిన పడ్డాక బుద్ధుడు ఈ కట్టడి చేశాడు. హిందూ, జైన సన్యాసుల చాతుర్మాస్య దీక్ష కూడా ఈ తీరుదే. సాధనకు ఏకాంత స్థలం కావాలన్న పెద్ద సంప్రదాయం వెనుక ఇంత మామూలు ఫిర్యాదు ఉండటం విశేషమే.

ఆ స్థలం ఎలా ఉండాలన్నది కూడా అదే గ్రంథంలో ఉంది. బుద్ధుడికి విడిది ఇవ్వదలచిన మగధ రాజు బింబిసారుడు ఊరికి మరీ దూరం కాకుండా, మరీ దగ్గర కాకుండా, రాకపోకలకు వీలుగా, పగలు జనసందడి, రాత్రి చప్పుడు లేని చోటు కోసం ఆలోచించి రాజగృహం దగ్గరి వెదురుతోటను, అంటే వేణువనాన్ని, దానం చేశాడు. భిక్షువు రోజూ భిక్షకు వెళ్లాలి, కాబట్టి కీకారణ్యం పనికిరాదు. ధ్యానం చేసుకోవాలి, కాబట్టి బజారు వీధీ పనికిరాదు. ప్రకృతి అందం ఈ లెక్కలోకి రానే లేదు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే సముద్రతీర రోడ్డులో మంగమారిపేట దగ్గరున్న తొట్లకొండను చూస్తే ఈ సూత్రం కళ్లకు కడుతుంది. నౌకాదళం విమానంలో సర్వే చేస్తుండగా బయటపడిన ఈ బౌద్ధ క్షేత్రంలో రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిపింది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల, వంటశాల ఉండేవి. రాతిని తొలిచిన నీటి తొట్లే ఈ కొండకు పేరు తెచ్చాయి. కొండ నెత్తిన నీరు లేకపోతే ఎంత గొప్ప ధ్యానస్థలమైనా నాలుగు రోజులు నిలవదు. వాన నీటిని పట్టి దాచుకునే ఏర్పాటే అక్కడి మనుగడకు ఆధారం. కొండ పైనుంచి చూస్తే కిందనే సముద్రం. తవ్వకాల్లో దొరికిన రోమన్ వెండి నాణేలు, శాతవాహనుల సీసపు నాణేలు ఈ ఏకాంతవాసం వర్తకుల లోకానికి ఎంత చేరువలో సాగిందో చెబుతాయి.

బౌద్ధం భారతదేశంలో క్షీణించాక విపశ్యన ధ్యానం బర్మాలో నిలిచింది. అక్కడ దాన్ని గృహస్థులకు కూడా నేర్పిన గురువుల్లో సయాజీ ఊ బా ఖిన్ ఒకరు. ఆయన ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. మాండలేలో పుట్టిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన మైగ్రేన్‌తో బాధపడుతూ 1955లో ఆయన దగ్గరికి వెళ్లారు. తలనొప్పి తగ్గించుకోవడానికే వస్తే నేర్పనని గురువు తేల్చిచెప్పారు. మనసును శుద్ధి చేసుకోవడం అసలు పని అని, రోగం తగ్గితే అది దాని వెంట వచ్చే ఫలమని ఆయన అభిప్రాయం. ‘హీలింగ్’ పేరుతో నేడు సాగుతున్న ప్రచారం పక్కన పెట్టి చూస్తే ఈ నిరాకరణ విలువ తెలుస్తుంది.

ఆ గురువు దగ్గరే సాధన నేర్చుకున్న గోయెంకా 1969లో భారత్ వచ్చి ముంబైలో మొదటి శిబిరం నడిపారు. తొలి ఏళ్లలో శిబిరాలకు సొంత చోటు లేదు, దొరికిన చోటల్లా జరిగేవి. 1976లో నాసిక్ జిల్లా ఇగత్‌పురిలో సహ్యాద్రి కొండల మధ్య ధమ్మగిరి, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త మొదలయ్యాయి. ఇగత్‌పురి ముంబై రైలు మార్గంలోని స్టేషన్. రైలు దిగితే ఆశ్రమం ఎంతో దూరం ఉండదు, అయినా ఊరి రొద అక్కడికి రాదు. వనస్థలిపురం దాటి ఉన్న ధమ్మఖేత్త పరిస్థితి వేరు. ఒకప్పుడు ఊరి బయట ఉన్న ఆ చోటు చుట్టూ నగరం పెరిగిపోయింది. నాగార్జునసాగర్‌లో, ఏలూరు దగ్గర విజయరాయిలో కూడా కేంద్రాలున్నాయి.

ఈ చోట్ల జరిగే పది రోజుల శిబిరంలో హోమం, పూజ, జపం ఏవీ ఉండవు. చేరేటప్పుడే ఫోను, పుస్తకం, పెన్ను అప్పగించాలి. ఆడవారికి, మగవారికి వేర్వేరు బసలు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది, నాలుగున్నరకు ధ్యానం మొదలవుతుంది. పదకొండింటికి భోజనం. సాయంత్రం ఐదింటికి కొత్తవారికి టీ, మరమరాలు, ఓ పండు; పాత సాధకులకు నిమ్మరసం మాత్రమే. రాత్రి భోజనం ఉండదు. మొత్తం మీద రోజుకు పది గంటలకు పైగా కూర్చోవాలి. పక్కవారితో మాటే కాదు, సైగ కూడా పనికిరాదు. దీన్నే ఆర్యమౌనం అంటారు. ఆచార్యుణ్ణి సందేహం అడగవచ్చు, నిర్వాహకులకు అవసరం చెప్పుకోవచ్చు.

మొదటి మూడు రోజులూ ఊపిరి రాకపోకలను గమనించడమే పని. అది ఆనాపాన. నాలుగో రోజున విపశ్యన నేర్పుతారు. ఒంట్లో పుట్టే నొప్పి, దురద, వేడి, చలి వంటి సంవేదనలను తల నుంచి కాలి దాకా చూసుకుంటూ పోవాలి, దేనికీ స్పందించకూడదు. అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు, గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి. మోకాళ్లు అసలు పరీక్ష పెట్టేది ఇక్కడే. పెద్ద కేంద్రాల్లో పగోడాలోని ఒంటరి గదులు, శూన్యాగారాలు, కొందరికి కేటాయిస్తారు. మనిషి కూర్చోవడానికి సరిపడా చోటు తప్ప అందులో చూడటానికేమీ ఉండదు. చుట్టూ చెట్లూ కొండలూ ఉన్నది నడిచేందుకు, కళ్లకు విశ్రాంతినిచ్చేందుకు మాత్రమే. పదో రోజు మైత్రీ భావన నేర్పి మౌనం విడిపిస్తారు. బసకు, తిండికి, బోధనకు రుసుము లేదు. ఒక్క శిబిరమైనా పూర్తిచేసిన వారి నుంచే విరాళం తీసుకుంటారు.

ఇంత కఠినమైన సాధన అందరికీ సరిపడదు. దరఖాస్తులోనే శారీరక, మానసిక ఆరోగ్య వివరాలు అడుగుతారు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారిని చేరవద్దనే చెబుతారు, ఇది వైద్యానికి బదులు కాదని స్పష్టం చేస్తారు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో ధ్యానం చేసేవారు కొందరు భయాందోళనలు, నిద్ర పట్టకపోవడం, తాము తాము కాదన్న భావన వంటివి ఎదుర్కొన్నట్టు తేలింది. మనోవ్యాధికి మందులు వాడుతున్నవారు శిబిరం కోసం వాటిని సొంతంగా ఆపేయడం ప్రమాదకరం. దరఖాస్తు పెట్టకముందే వైద్యుణ్ణి అడగాలి, వాడే మందుల పేర్లు దాచకుండా అందులో రాయాలి.