అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంటే బిడ్డ భరణం ఆగుతుందా?

షాద్‌నగర్ చుట్టుపక్కల విడాకుల గొడవ పెద్దమనుషుల ముందుకొస్తే ఒక మాట తరచూ వినబడుతుంది: "ఆమె ఇంకొకర్ని చేసుకుంది గదా, ఇంక పిల్లకు మనమెందుకు కట్టాలె?" దీన్ని నమ్మి డబ్బు ఆపేసే తండ్రులున్నారు. అంతకన్నా బాధ, దీన్నే నమ్మి అడగడం మానుకునే తల్లులున్నారు.

అపోహ: తల్లి రెండో పెళ్లి చేసుకుంటే భరణం మొత్తం రద్దు.

వాస్తవం: కోర్టు ఆర్డరు కాపీని ఒకసారి తీసి చదవండి. తల్లీబిడ్డలు కలిసి కేసు వేస్తే ఇద్దరూ పిటిషనర్లే. మొదటి పిటిషనరుకు నెలకింత, రెండో పిటిషనరుకు ఇంత అని సాధారణంగా విడివిడిగా రాస్తారు. విడాకులైన భార్య మళ్లీ పెళ్లాడితే ఆమె పేరిట ఉన్న భత్యం రద్దు చేయించుకోవచ్చు. ఒకప్పటి సీఆర్‌పీసీ 127వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 146వ సెక్షన్ చెప్పేది అంతవరకే. కింది లైనులో ఉన్న బిడ్డ మొత్తం జోలికి అవి పోవు. తల్లికి భర్త మారాడు గానీ బిడ్డకు తండ్రి మారలేదు.

అపోహ: కొత్త భర్తకు ఎయిర్‌పోర్టులో మంచి జీతం, ఆయనే చూసుకోవాలి.

వాస్తవం: 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ బిడ్డ పోషణను కన్నవాళ్లిద్దరి మీదే పెట్టింది. మారుతండ్రి ప్రేమతో ఫీజు కడితే సంతోషం, కట్టి తీరాలని మాత్రం ఈ చట్టంలో లేదు. బడి రిజిస్టర్లో ఆయన పేరు రాయించినా అంతే. చట్టప్రకారం దత్తత జరిగితేనే బాధ్యత ఆయనకు మారుతుంది.

తల్లి సొంత సంపాదన వేరే సంగతి, అది లెక్కలోకి వస్తుంది. 2020 నవంబరు 4న రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు, పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రిదేనంటూ, తల్లికి తగినంత ఆదాయం ఉంటే దామాషా ప్రకారం పంచుకోవచ్చని చెప్పింది. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు మన మెదక్ జిల్లాకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి.

అపోహ: తండ్రి రెండో భార్య ఉద్యోగం చేస్తే ఆమె జీతమూ కలుపుతారు.

వాస్తవం: ఆమె జీతం ఆమెదే. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లకు వర్తించే టెక్సస్ చట్టమూ కొత్త జీవిత భాగస్వామి ఆదాయాన్ని కలపొద్దనే అంటుంది. అయితే రజనేష్ తీర్పు తర్వాత ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఇంటద్దె ఆమె కడుతుంటే "జీతమంతా అద్దెకే పోతోంది" అనే వాదన నిలవడం కష్టం. కొత్త సంసారంలో పిల్లలు పుట్టారని కొంత తగ్గించమని అడగొచ్చు, కోర్టు చూస్తుంది. మొదటి బిడ్డకు ఎగ్గొట్టడానికి మాత్రం అది సాకు కాదు.

అపోహ: పిల్లకేమీ అడగనని తల్లి స్టాంపు పేపరు మీద సంతకం పెట్టింది.

వాస్తవం: ఆ హక్కు బిడ్డది. తల్లి సంతకంతో పోదు.

అపోహ: జైలుకెళ్లొస్తే బాకీ తీరినట్టే.

వాస్తవం: తీరదు. 1988లోనే కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. తల్లులు గుర్తుంచుకోవాల్సింది గడువు: కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా వసూలు పిటిషన్ వేయకపోతే ఆ నెల బాకీకి వారంటు రాదు. లాయరు ఫీజుకు భయపడి ఆ ఏడాది పోగొట్టుకోవద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోను నంబరు 15100.