కోడిపిల్లకు తొలి మూడు వారాలే కీలకం

గుడ్డు నుంచి బయటపడే సమయంలో కోడిపిల్ల పేగుల్లో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. పెరటి కోడిపిల్లలకు మేలుచేసే బ్యాక్టీరియా తల్లి రెట్ట ద్వారా అందుతుంది. హేచరీలో పుట్టిన బ్రాయిలర్ పిల్లలకు ఆ అవకాశం లేదు. దాణా, నీరు, షెడ్డులో పరిచిన ఊక నుంచి చేరేవే వాటికి ఆధారం.

తొలి రోజుల్లో ఈ-కొలై వంటివి వేగంగా పెరుగుతాయి. తరువాత చిన్నపేగుల్లో లాక్టోబాసిల్లస్ స్థిరపడుతుంది. పేగుల చివరనుండే రెండు అంధనాళాల్లో, ఆక్సిజన్ లేకుండా జీవించే బ్యాక్టీరియా కుదురుకోవడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. ఈలోగా సాల్మొనెల్లా సులువుగా చొరబడుతుంది. పెద్దకోడి పేగుల్లోని సూక్ష్మజీవులను అందిస్తే పిల్లలు దీనిని తట్టుకుంటాయని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నూర్మి, రంటాలా 1973లోనే నిరూపించారు.

దాదాపు ఆరు వారాల్లో అమ్మకానికి వెళ్లే కోడికి ఇది సగం జీవితం. ఈ దశలో అవసరం లేకున్నా నీటిలో యాంటీబయాటిక్ కలిపితే మేలుచేసే బ్యాక్టీరియా కూడా నశిస్తుంది. మందులకు లొంగనివి మిగిలి, మనుషులకూ చేరే ముప్పుంది. ఈ కారణంగానే ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది.

పిల్లలు ఫారానికి చేరిన వెంటనే శుభ్రమైన నీరు, దాణా అందించాలి. ఊక తడవకుండా చూడాలి. మందులను పశువైద్యుల సలహాపైనే వాడాలి.