వీపున సంచీ, సంచీలో పాత ఉత్తరాలు
సికిందరాబాదు నుంచి సింహళానికి ఒక మిత్రసందర్శన యాత్ర

సికిందరాబాదు: విదేశయాత్ర అనగానే విమానం, సూటు, చక్రాల పెట్టెలు మన కళ్లముందు మెదులుతాయి. చిలకలగూడలో ఉంటున్న ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి మాత్రం 2025 మార్చిలో వీపున ఒక సంచీ తగిలించుకుని, రైలెక్కి, బస్సెక్కి, ఓడెక్కి శ్రీలంక చూసి వచ్చారు. ఆయన వయసు 67 సంవత్సరాలు. తన పేరు పత్రికలో వేయవద్దని, కావాలంటే ఊరి పేరు వేసుకోమని ఆయన కోరారు.

ఇంతకీ ఆయన వెళ్లింది విహారానికి కాదు. 42 సంవత్సరాల క్రితం మూగబోయిన ఒక మిత్రుణ్ణి వెదుక్కుంటూ వెళ్లారు.

కలం స్నేహం

1972లో ఆయన సికిందరాబాదు మహబూబ్ కళాశాల ఉన్నత పాఠశాలలో చదువుతుండేవారు. ఒక పిల్లల పత్రికలో 'కలం స్నేహం' శీర్షిక చూసి జాఫ్నాలోని తన యీడు కుర్రవాడికి ఉత్తరం రాశారు. జవాబు వచ్చింది. ఇద్దరికీ వచ్చీరాని ఇంగ్లీషే దిక్కు. తపాలా బిళ్లలు, క్రికెట్టు, పరీక్ష మార్కులు, ఆ తరువాత ఉద్యోగాలు, పెళ్లి కబుర్లు - ఇలా పదకొండేళ్లు ఉత్తరాలు నడిచాయి. 1981లో వచ్చిన ఒక ఉత్తరంలో మిత్రుడు జాఫ్నా గ్రంథాలయం తగలబడిన సంగతి రాశాడు. దాదాపు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. "నేను రోజూ కూర్చునే బల్ల కూడా పోయింది" అని ఆఖరి వాక్యం.

1983 జూన్ చివరలో భారత జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు అభినందిస్తూ వచ్చిందే ఆఖరి ఉత్తరం. మరుసటి నెలలో శ్రీలంకలో తమిళులపై ఘోరమైన దాడులు జరిగాయి. ఇక్కడినుంచి రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు లేదు. యుద్ధం 2009లో ముగిసింది. అప్పటికి ఆయనకు ఉద్యోగం, పిల్లల చదువులు. "రిటైరయ్యాక వెళ్దామనుకున్నాను. రిటైరయ్యాక భయం వేసింది. వెళ్లాక లేడని తెలిస్తే? వెళ్లనంతకాలం ఉన్నట్టే కదా" అన్నారాయన.

ఆ భయమే ఆయనను ఏడేళ్లు ఆపింది. చివరకు కదిలించింది ఆయన శ్రీమతి. "మీరు పోకపోతే ఆ ఉత్తరాల కట్ట చూసి రోజూ నిట్టూరుస్తారు. వెళ్లి రండి. రాత్రి ఎనిమిదింటికి ఫోను మాత్రం చేయాలి" అన్నదట ఆమె.

పాత దారి, కొత్త ఓడ

ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం సికిందరాబాదులోనే ఉన్నా, ఆ మెట్లు ఎక్కే అవసరం తనకు అంతవరకూ పడలేదని ఆయన నవ్వుతూ చెప్పారు. కుమారుడు విమానం టిక్కెట్టు కొనిస్తానన్నా ఒప్పుకోలేదు. రైల్వే మనిషి కదా, నేలమీద, నీళ్లమీద పోవాలని పట్టుబట్టారు.

ఒకప్పుడు మద్రాసు నుంచి లంకకు 'బోట్ మెయిల్' అనే రైలు ఉండేది. ధనుష్కోటిలో దిగి స్టీమరెక్కితే తలైమన్నారులో దిగవచ్చు. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి నాశనమైంది. రామేశ్వరం నుంచి నడిచిన ఓడ కూడా 1980లలో అంతర్యుద్ధంతో ఆగిపోయింది. చాలా కాలానికి, 2023 అక్టోబరులో నాగపట్టణం నుంచి జాఫ్నా దగ్గరి కంకేశన్‌తురైకు ఓడ మొదలైంది. అది కొద్దిరోజులకే ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ కదిలింది. ప్రయాణం సుమారు నాలుగు గంటలు.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు, అక్కడినుంచి నాగపట్టణం, అక్కడ ఓడ. సంచీలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, బి.పి. మాత్రలు, కందిపొడి సీసా. వీటన్నిటి అడుగున ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన 63 ఉత్తరాలు. కస్టమ్సు ఉద్యోగి ఆ కట్ట విప్పి, పాత లంక తపాలా బిళ్లలు చూసి, ఏమీ అడగకుండా మళ్లీ కట్టి ఇచ్చాడట.

మూడు రోజుల అన్వేషణ

ఉత్తరాలమీది చిరునామాలో ఇప్పుడు మిత్రుడి ఇల్లు లేదు. ఆ స్థలంలో ఒక దుకాణాల సముదాయం ఉంది. మొదటిరోజు ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. రెండోరోజు పునర్నిర్మించిన గ్రంథాలయానికి వెళ్లి, ఒక వృద్ధ పాఠకుణ్ణి కదిపారు. ఆయన మరొకరి దగ్గరకు పంపారు. మూడోరోజు సాయంత్రం పది మైళ్ల దూరాన ఒక పల్లెలో, తాటాకు దడి వెనుక, అరుగుమీద కూర్చుని పేపరు చదువుతున్న మనిషి తలెత్తి చూశాడు. విశ్రాంత ఉపాధ్యాయుడు. ఎడమ చెవి వినపడదు. ఇద్దరూ అంతకుముందు ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు.

"సికిందరాబాదు" అన్నారు మనవారు. అంతే చాలిందట.

1995 అక్టోబరు చివరలో జాఫ్నా జనం లక్షల సంఖ్యలో ఊరు విడిచి పోవలసి వచ్చింది. ఆ వలసలో మిత్రుడి ఇల్లు, సామాను, ఫొటోలు, మన ఆయన రాసిన ఉత్తరాలు అన్నీ పోయాయి. ఉత్తరాల కట్ట విప్పి ఒక్కొక్కటీ చూస్తుంటే 1976 నాటి కవరులో నుంచి ఒక చిన్న ఫొటో జారిపడింది. మిత్రుడు, పక్కన ఆయన తల్లి. ఆ తల్లి వలసదారిలోనే కన్నుమూసింది. ఆమె ఫొటో లోకంలో ఇంకొకటి లేదు. అది ఇన్నాళ్లూ చిలకలగూడలో ఒక రేకు పెట్టెలో ఉంది.

"ఆయన ఏడవలేదు. ఫొటో పట్టుకుని లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. నేను అరుగుమీదే కూర్చున్నాను" అన్నారు మనవారు. ఉత్తరాల కట్ట మొత్తం అక్కడే వదిలి వచ్చారు.

అనురాధపురంలో నాగార్జునకొండ

మిత్రుడి బలవంతంమీద ఆయన లంకలోని చారిత్రక స్థలాలు కూడా చూశారు. జాఫ్నా నుంచి అనురాధపురానికి రైలు. యుద్ధంలో పాడైపోయిన ఈ ఉత్తరపు లైనును మన ఇర్కాన్ సంస్థే తిరిగి వేసింది. 2014 అక్టోబరులో రైలు మళ్లీ జాఫ్నా చేరింది. అక్కడి పట్టాల వెడల్పు మన బ్రాడ్‌గేజి వెడల్పే - అయిదడుగుల ఆరంగుళాలు. "దిగి చూసుకుని మరీ ఎక్కాను" అన్నారు.

అనురాధపురంలో అశోకుని కుమార్తె సంఘమిత్ర తెచ్చిందని చెప్పే బోధివృక్షం ఉంది. గుడి మెట్లముందు అర్ధచంద్రాకారపు చెక్కడపు రాళ్లున్నాయి. అవి చూడగానే ఆయనకు నాగార్జునకొండ జ్ఞాపకం వచ్చింది. అది సహజమే. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు ఒక విహారమే ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక అక్కడ బోధివృక్షానికి ఆలయం కట్టించినట్టు శాసనం చెబుతున్నది. మన పల్నాటి సున్నపురాతి శిల్పాలు లంకలో దొరికాయి. ఆదివారం సరదాగా సాగర్ వెళ్లి వచ్చే మనం ఈ సంగతి ఎంతమందిమి ఎరుగుదుము?

కాండీలో ఆయన చూసినది మరొక తెలుగు జ్ఞాపకం. 1739 నుంచి 1815 వరకు ఆ రాజ్యం ఏలినవారు మధుర నాయకర్ల బంధువులు. వారిలో చివరివాడైన శ్రీవిక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువారు బంధించి రాయవేలూరుకు తెచ్చారు. 1832లో ఆయన అక్కడే మరణించాడు.

"నీది ఏ ఊరు నాయనా?"

అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే పల్లె ఉంది. అక్కడివారు అహికుంటికులు. పామును ఆడించడం, కోతిని ఆడించడం, చేయి చూసి జోస్యం చెప్పడం వారి కులవృత్తి. తరతరాలుగా లంకలో ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. లిపి మాత్రం వారికి తెలియదు. ఆ పల్లెలో ఒక ముసలామె తనను "నీది ఏ ఊరు నాయనా?" అని అడిగితే ఒళ్లు జలదరించిందని ఆయన అన్నారు. యాస వేరు, మాటల్లో కలగలుపు ఎక్కువ, అయినా తెలిసిపోతుంది. ఆమె మనుమరాలు మాత్రం సింహళంలో జవాబు చెప్పింది. బడిలో నేర్పేది అదే. తమ తరువాత ఈ మాట ఉండదేమోనని ఆమె దిగులు. ఆమె పేరును ఆయన ఒక కాగితంమీద తెలుగులో రాసి ఇస్తే, ఆమె అటూ ఇటూ తిప్పి చూసి కొంగున ముడివేసుకుందట.

అదే ఊరి విద్యార్థి, అదే దారి

ఈ యాత్రకు మరొక విశేషం ఉంది. 1893 ఫిబ్రవరి 13న వివేకానందస్వామి సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో తాను పాశ్చాత్యదేశాలకు ఎందుకు వెళ్తున్నదీ ప్రసంగించారు. 1897లో తిరిగివస్తూ కొలంబోలో దిగి కాండీ, అనురాధపురం మీదుగా జాఫ్నా చేరి, అక్కడినుంచి పడవలో పాంబన్ వచ్చారు. ఆ బడిలోనే చదివిన మన పెద్దమనిషి అదే దారిని ఎదురునుంచి నడిచారు.

పన్నెండు రోజులు తిరిగి, కొలంబో నుంచి విమానంలో ఇల్లు చేరేసరికి మొత్తం ఖర్చు 45 వేల రూపాయలు దాటలేదు. వసతిగృహాల్లో మంచం అద్దెకు తీసుకోవడం, బస్సుల్లో తిరగడం, దొరికిన అన్నం తినడం ఇందుకు కారణమని చెప్పారు. "యువకులు వీపు సంచీతో దేశాలు తిరగడం మంచిదే. మావంటివాళ్లు కూడా తిరగవచ్చు. అయితే మందులు, పాస్‌పోర్టు నకళ్లు రెండుచోట్ల పెట్టుకోవాలి. ఇంకొకటి, వెళ్లాలనుకున్న మనిషి దగ్గరకు ముందు వెళ్లాలి. కోటలు ఎక్కడికీ పోవు" అని ఆయన సలహా.

ఇద్దరి దగ్గరా ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి. అయినా మొన్న చిలకలగూడ ఇంటికి తపాలాలో ఒక కవరు వచ్చింది. లోపల ఒక పేజీ ఉత్తరం, ఆ పాత ఫొటోకు తీయించిన నకలు. పెట్టెలో ఖాళీ అయిన చోట దాన్ని పెట్టారు. అది అరవై నాలుగో ఉత్తరం.