దూరం ఒక్కటే, గంటలే వేరు

మన శంషాబాదు నుంచి లండను హీత్రో విమానాశ్రయానికి దూరమెంతని అడిగితే ఠక్కున చెప్పవచ్చు: నేరుగా కొలిస్తే సుమారు 7,750 కిలోమీటర్లు. ఎన్ని గంటల ప్రయాణమంటే మాత్రం కాస్త ఆలోచించవలసిందే. ఆ సంగతి ఒక ఏప్రిల్ నెలలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నాకు తెలిసివచ్చింది.

ఉదయం 8 గంటలకు విమానం బయలుదేరింది. దిగేసరికి అక్కడి గడియారంలో మధ్యాహ్నం 2 గంటలయింది.

"చూశావా, ఆరు గంటల్లో వచ్చేశాం!" అన్నాను మా ఆవిడతో, నా చేతి గడియారం వెనక్కి తిప్పుకుంటూ.

ఆవిడకు మధుమేహం. ఉదయం 7కు ఒక మాత్ర, రాత్రి 7కు ఒక మాత్ర. "నీ మాత్రకింకా ఐదు గంటల వ్యవధి ఉందిలే" అని కూడా అన్నాను.

"ఐదు గంటలేమిటండీ, అరగంటే!" అంటూ ఆవిడ తన గడియారం చూపింది. దాన్ని తిప్పలేదు. అందులో సాయంత్రం ఆరున్నర! వేసవిలో లండను గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక; చలికాలంలో ఐదున్నర. మేము గాలిలో గడిపింది ఆరు గంటలు కాదు, పదిన్నర.

నా మాట వింటే రెండు మాత్రల మధ్య పదహారున్నర గంటలు గడిచేవి. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా చిక్కు. అక్కడి రాత్రి 7కు ఒకటి వేసుకుని, ఇక్కడి ఉదయం 7కు మరొకటి వేసుకుంటే మధ్య ఏడున్నర గంటలే! మాత్ర మీద మాత్ర పడి, చక్కెర మరీ తగ్గితే ప్రమాదం. అందుకే ఆవిడ ముందే డాక్టరుగారి చేత చీటీ రాయించుకున్నది. ఆ బుద్ధి నాకు లేకపోయింది.

తిరుగు ప్రయాణం తొమ్మిదిన్నర గంటల్లో ముగిసింది. గంట కలిసివచ్చింది!

"భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది గదా! మనం పడమటికి పోతుంటే లండనే ఎదురు రావాలి. మరి అప్పుడే ఎక్కువసేపు పట్టిందేమండీ?" అని అడిగింది మా ఆవిడ.

ప్రశ్న మంచిదే. కాని భూమితోపాటు గాలీ తిరుగుతుంది. పరుగెత్తే రైలుపెట్టెలో బంతి ఎగరవేస్తే మన చేతిలోనే పడినట్లు, విమానానికి భూభ్రమణం వల్ల అలా కలిసివచ్చేదేమీ లేదు. గంట తేడాకు ముఖ్య కారణం పైగాలులు. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఏరులా పారే గాలి ఒకటున్నది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. పోయేటప్పుడు అది ఎదురునీరు, వచ్చేటప్పుడు వాలునీరు.

జపాను శాస్త్రజ్ఞుడు ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరవేసి ఈ గాలిని కొలిచాడు. ఫలితాలను ఎస్పరాంటో భాషలో ప్రకటించడంతో బయట చదివినవారు తక్కువ. 1952లో పాన్ అమెరికన్ విమానమొకటి ఈ గాలి వాలున టోకియో నుంచి హొనలూలూకు పదకొండున్నర గంటల్లో చేరింది. అంతకుముందు పద్ధెనిమిది గంటలు పట్టేది. 2020 ఫిబ్రవరిలో తుపానుగాలి తోడై, న్యూయార్కు నుంచి లండనుకు ఒక విమానం ఐదు గంటలైనా పట్టకుండా వచ్చింది.

దూరప్రయాణం చేసే పెద్దవారికి వేళపట్టున వేసుకునే మందులుంటే, టిక్కెట్టు మీది వేళలు చూపించి డాక్టరు చేత ముందుగానే చీటీ రాయించుకోవడం మంచిది.

మొన్న పక్కింటివారు లండను ప్రయాణం పెట్టుకుని సలహాకు వచ్చారు. దూరమెంతో నేను చెప్పాను. గంటల లెక్క మా ఆవిడనే అడగమన్నాను.