దాచకుండా చెప్పిన విశ్వాసం

యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. పన్నెండేళ్ల పిల్ల. తండ్రి సమాజమందిరపు అధికారి అయినా, యేసు ప్రభువు పాదాల మీద పడి బతిమాలుకున్నాడు. ప్రభువు బయల్దేరాడు. వెంట జనం తోసుకుంటూ వస్తున్నారు. అంత తొందరలోనూ ఆయన ఉన్నట్టుండి ఆగాడు. తన వస్త్రం ముట్టింది ఎవరని అడిగాడు. ఇంత గుంపులో ఎవరని చెప్పగలమన్నట్టు మాట్లాడారు శిష్యులు. అయినా ఆయన కదల్లేదు. చివరికి ఒక స్త్రీ వణుకుతూ వచ్చి ఆయన ముందు సాగిలపడింది.

ఆమెది పన్నెండేళ్ల రక్తస్రావ రోగం. ఎందరో వైద్యుల చేతుల్లో పడి నలిగింది. ఉన్నదంతా ఖర్చయిపోయింది, జబ్బు మాత్రం ముదిరింది (మార్కు 5:26). పైగా ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అపవిత్రురాలు (లేవీయకాండము 15:25). అందుకే గుంపులో వెనక నుంచి వచ్చింది. వస్త్రం ముట్టగానే స్వస్థత దొరికింది. ప్రభువు అలాగే సాగిపోయినా ఆమె ఆరోగ్యంగానే ఇల్లు చేరేది. కానీ ఆయన ఆగాడు. ఆమె నిజమంతా చెప్పుకునేదాకా విన్నాడు (5:33). విన్నాక కుమారీ అని పిలిచాడు. పక్కన యాయీరు గుండె ఎంత వేగంగా కొట్టుకుందో! అయినా ఒక రోగి తన నోటితో తన బాధ చెప్పుకోవడం ప్రభువు దృష్టిలో ఆగి వినవలసినంత పెద్ద విషయం.

ఈ వాక్యభాగాన్ని మేము ఎన్నోసార్లు బోధించాం. ఎప్పుడూ ఆమె వస్త్రం ముట్టడం గురించే చెప్పాం. ముప్పై మూడో వచనం దగ్గర మమ్మల్ని ఆపింది మా సంఘంలోని ఒక సోదరి. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం.

నలభై ఏళ్ల ఆ సోదరి సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతుంది. నాలుగేళ్ల కిందట పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోవడం మొదలైంది. గంటన్నర గడిస్తేగాని పిడికిలి ముడుచుకునేది కాదు. తడిబట్ట పిండలేకపోయేది. 2006లో చికున్‌గున్యా తెలుగు జిల్లాలను చుట్టేసినప్పటి నుంచి కీళ్లనొప్పి అంటే ఆ జ్వరం తాలూకే అనేయడం మనకు అలవాటైంది. ఆమెకూ అదే చెప్పారు. కొందరు వయసన్నారు, కొందరు రక్తం తక్కువన్నారు. ఎవరో ఇచ్చిన పొడి వేసుకుంటే రెండు రోజుల్లో నొప్పి మాయమయ్యేది, మానేస్తే రెట్టింపయ్యేది. చివరికి పట్నంలో ఒక రుమటాలజిస్టు పరీక్షలు చేయించి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చారు.

మన శరీరానికి దేవుడు ఒక కాపలా వ్యవస్థను ఇచ్చాడు. బయటి నుంచి వచ్చే క్రిములతో అది పోరాడుతుంది. కొందరిలో ఆ కాపలాదారు పొరబడి ఇంటివాళ్లనే దొంగలనుకుని కొడతాడు. వీటినే ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. లూపస్, సోరియాసిస్, టైప్ 1 మధుమేహం ఆ కోవలోవే. రుమటాయిడ్‌లో దెబ్బ కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. పూర్తిగా పోగొట్టే మందు లేదు గాని, త్వరగా గుర్తించి క్రమంగా మందు వాడితే చాలామందిలో అదుపులో ఉంటుంది.

సోదరికి మందులు మొదలయ్యాయి. రెండు వారాలైనా గుణం కనిపించలేదు. అప్పుడే ఒక స్వస్థత కూటంలో, మాత్రలు పారేయడమే విశ్వాసమని ఎవరో చెప్పారు. ఆమె పారేసింది. మరుసటి ఆదివారం మా సంఘంలో సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడావా అమ్మా అని ఒక్క మాట అడగలేదు.

నాలుగు నెలల తర్వాత ప్రభువు బల్ల దగ్గర ఆమె చేతికి రొట్టె ఇచ్చాం. వేళ్ల మధ్య నిలవక అది జారి కింద పడింది. ఆరాధన అయ్యాక అడిగితే తల దించుకుని అంది: ‘‘సాక్ష్యం చెప్పిన రెండో వారానికే నొప్పి తిరిగొచ్చింది అయ్యగారూ. మీరంతా అంత సంతోషపడ్డారు కదండీ. తగ్గలేదని ఎలా చెప్పను?’’

ఆ మాట మమ్మల్ని నిలదీసింది. డాక్టరుకు ఆమె పొడి సంగతి చెప్పలేదు, తిడతారని. ఇంట్లో నీరసం సంగతి చెప్పలేదు, పని తప్పించుకుంటోందంటారని. సంఘంలో నొప్పి సంగతి చెప్పలేదు, విశ్వాసం లేదంటారని. చుట్టూ ఇంతమంది ఉండి నిజం చెప్పుకునే చోటు ఒక్కటీ లేకపోయింది. ఆ చోటు సంఘమే కావాలి. ఆగి వినవలసిన మేము చప్పట్లు కొట్టి ముందుకు సాగిపోయాం. ఇందుకు దేవుని ఎదుటా ఆమె ఎదుటా క్షమాపణ అడిగాం.

తర్వాతి వారం మేము దంపతులం ఆమెతోపాటు ఆస్పత్రికి వెళ్లాం. అంతకుముందు మూడు రాత్రులు కూర్చుని ఆమె ఒక నోటుపుస్తకంలో అంతా రాసుకుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎన్నాళ్లు వాడింది, పొడి ఎప్పుడు మింగింది, మాత్రలు ఎందుకు మానేసింది. డాక్టరు చివరిదాకా విన్నారు. అలాంటి పొడుల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్ కలుపుతారని, చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం ప్రమాదమని వివరించారు. ఎక్స్‌రేలో ఒక వేలి కీలు దగ్గర ఎముక దెబ్బతిన్నట్టు కనిపించింది. అది మళ్లీ మునుపటిలా కాదు. ఆ మాట విన్నప్పుడు ఆమె ఏడవలేదు. మేము ఏడ్చాం.

అడగడం అవిశ్వాసం కాదు

రోగి తన తరఫున తానే మాట్లాడుకోవడం నేర్చుకోవాలని ఆ రోజు మాకు అర్థమైంది. ఆ సోదరికి డాక్టరు రాసింది మెథోట్రెక్సేట్. రుమటాయిడ్‌కు దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. కాబట్టి ఏ రోజు వేసుకోవాలో అడిగి, ఆ రోజు పేరు చీటీ మీద స్పష్టంగా రాయించుకోవాలి. ఈ మందు పూర్తిగా పనిచేయడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకుని ఉంటే మా సోదరి రెండు వారాలకే నిరాశపడేది కాదు. రక్తకణాలకూ కాలేయానికీ పరీక్షలు మళ్లీ ఎప్పుడో తేదీ అడగాలి. గర్భం ఆశించేవారు ఆ మాట మందు మొదలుపెట్టకముందే చెప్పాలి. నాటుమందు వాడితే దాచకూడదు. మందు పడకపోతే మనంతట మనం మానేయకుండా వెళ్లి చెప్పాలి. ఖరీదు భరించలేకపోతే అదే మందు తక్కువ ధరలో దొరుకుతుందా అని అడగాలి. అనుమానం తీరకపోతే మరో నిపుణుణ్ణి సంప్రదించడం మొదటి డాక్టరుకు అవమానమేమీ కాదు. లోపలికి వెళ్లగానే భయంతో అన్నీ మరచిపోతాం కనుక, మూడు ముఖ్యమైన ప్రశ్నలు రాసుకుని, నమ్మకమైన మనిషిని ఒకరిని వెంటబెట్టుకు వెళ్లడం మంచిది.

ఇదంతా లోకజ్ఞానమే కదా, వాక్యమేమంటోంది అని కొందరు అడుగుతారు. రోగి తానే సంఘపెద్దలను పిలిపించుకోవాలన్నాడు యాకోబు (5:14). అంటే రోగి నోరు తెరవాలి. హిజ్కియా ప్రార్థన విన్న దేవుడే అంజూరపు ముద్దతో అతని పుండుకు కట్టు కట్టించాడు (యెషయా 38:21). తిమోతి కడుపు జబ్బుకు పౌలు అప్పటి వైద్యమే సూచించాడు (1 తిమోతి 5:23). ఆ పౌలే తన ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగలేదు, కృప మాత్రం చాలింది (2 కొరింథీ 12:8, 9). పౌలుకు విశ్వాసం చాలలేదని మనలో ఎవరైనా అనగలమా?

మెథోట్రెక్సేట్‌తో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. ఈ రెంటి వెనకా ఒక తెలుగువాడి శ్రమ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల్లోంచే ఇవి వచ్చాయి. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వర్షం కురిపించే దేవుని సామాన్య కృప ఆ మాత్రలో ఉంది. మన పెద్దలకు ఈ విషయం తెలుసు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఒక చేత్తో బైబిలు, మరో చేత్తో మందు పట్టుకునే సేవ చేశారు. ఆమె పేరిట ఆస్పత్రి ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. ప్రార్థన చేసిన చేతులే మందు కూడా ఇచ్చాయి. వాటిని విడదీసింది తర్వాతివాళ్లమైన మనమే.

సోదరి జబ్బు పోలేదు. అదుపులో ఉంది. పాడైన వేలు అలాగే ఉంది. ఆమె నోటుపుస్తకం ఇప్పుడు మూడోది. ప్రతి శనివారం మాత్ర చేతిలో పెట్టుకుని ప్రార్థించి మింగుతుంది. మొన్న సంఘంలో మళ్లీ సాక్ష్యం చెప్పింది, ఈసారి నొప్పితో సహా. ఆరాధన అయ్యాక ఇద్దరు స్త్రీలు ఆమె దగ్గరకెళ్లి తమ చేతులు చాపి చూపించారు.

ఇకపై మన మధ్య ఎవరైనా తమ రోగం గురించి చెప్పబోతే, ఏ పాపం చేశావనో, విశ్వాసం పెంచుకోమనో తొందరపడకుండా ఆగి విందాం. ఆలస్యమవుతుందేమోనన్న భయం వద్దు. ఆ స్త్రీ కథ వింటూ ప్రభువు ఆగినంతలో యాయీరు కూతురు చనిపోయిందన్న కబురు వచ్చింది. అయినా ఆయన ఆ ఇంటికి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేపాడు.